పతకం అడిగే ముందు రికార్డు అడగాలి

మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం. విశాఖలో ఈ పేటలన్నిటా నేవీలో చేసి వచ్చిన పెద్దవాళ్లు ఉన్నారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉండటంతో ఎక్కడెక్కడో పనిచేసినవాళ్లు కూడా పెన్షన్ తీసుకున్నాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. వాళ్లలో కొందరి నోట ఏళ్ల తరబడి ఒకే మాట: “డెబ్భై ఒకటిలో నేనూ ఓడ మీదే ఉన్నాను. నాతో ఉన్నవాడికి స్టార్ వచ్చింది, నాకు రాలేదు.”

వాళ్లు చెప్పేది 1971 పాకిస్తాన్ యుద్ధం సంగతి, స్టార్ అంటే ఆ యుద్ధరంగంలో ఉన్నవారికి ఇచ్చిన పతకం. ఇంట్లోవాళ్లు చాలావరకు దీన్ని పాత బాధ అనుకుని వదిలేస్తారు. కొడుకో మనవరాలో పట్టించుకుంటే రాష్ట్రపతికో రక్షణ మంత్రికో ఉత్తరం రాస్తారు. అది చేతులు మారి మారి చివరికి రికార్డు ఆఫీసుకే చేరుతుంది. అక్కడి నుంచి, మా దగ్గరున్న రికార్డుల ప్రకారం అర్హత కనబడటం లేదు అని రెండు ముక్కల జవాబు వస్తుంది. పెద్దాయన దాన్ని అవమానంగా తీసుకుంటారు. నేను యుద్ధంలో లేనంటున్నారా అని అడుగుతారు. ఆ జవాబు ఆ సంగతే ఎత్తదు. ఉన్నారో లేదో గుమాస్తాకు తెలియదు, కాగితంలో ఏముందో అంతవరకే తెలుసు. తాతల నాటి నుంచి దున్నుతున్న పొలమైనా అడంగల్‌లో పేరు లేకపోతే రైతు ఎంత అరిచినా వినేవాళ్లుండరు, ఇదీ అంతే. ముందు కాగితం సరి కావాలి. పతకం ఆ తర్వాతి మాట.

ఈ వ్యవహారం చిక్కుముడిలా కనబడటానికి మొదటి కారణం, అన్ని పతకాలనూ ఒకే గాటన కట్టేయడం.

సాహస పురస్కారాలు ఒక జాతి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, నౌసేనా మెడల్ లాంటివి. వీటికి పైఅధికారి సిఫారసు కావాలి, ఢిల్లీలో పరిశీలన జరగాలి. అప్పట్లో సిఫారసే వెళ్లకపోతే ఇప్పుడు రికార్డు సరిచేసి తెప్పించుకోవడం అయ్యేపని కాదు. నెలనెలా భత్యం, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నగదు వంటివి ప్రధానంగా ఈ జాతికే ఉంటాయి. స్టార్ లాంటి సేవా పతకానికి నెలనెలా డబ్బు రాదు. ఇది ముందే చెప్పుకోవాలి. పతకం ఇప్పిస్తాం, దాంతో పెన్షన్ పెరుగుతుంది అని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండో జాతి తేదీల మీద నడిచే పతకాలు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవారికి ఇచ్చిన పతకం ఇందులోకి వస్తుంది. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్ల సర్వీసుకు ఇచ్చే దీర్ఘసేవా పతకాలూ ప్రధానంగా తేదీల లెక్కే. చేరిన రోజు, దిగిన రోజు రుజువైతే వీటిలో వాదనకు పెద్దగా తావుండదు. లాంగ్ సర్వీస్ అండ్ గుడ్ కాండక్ట్ మెడల్ సంగతి వేరు, అక్కడ ప్రవర్తన రికార్డు కూడా చూస్తారు.

మూడో జాతి చోటు మీద నడిచేవి. గొడవంతా వీటితోనే. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్. సైన్య సేవా మెడల్‌కు, 1987 తర్వాత శ్రీలంక వెళ్లినవారి స్పెషల్ సర్వీస్ మెడల్‌కు రిబ్బన్ మీద ఆ ప్రాంతం పేరున్న చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాన్నే క్లాస్ప్ అంటారు. వీటన్నిటికీ ప్రశ్న ఒకటే. ఫలానా తేదీల మధ్య, ఫలానా ప్రాంతంలో, ఫలానా డ్యూటీలో మీరు ఉన్నట్టు కాగితం ఉందా?

విశాఖలో ఈ ప్రశ్న మరింత నొప్పి పెడుతుంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు బయటే. ఆ రోజుల్లో ఒడ్డున డ్యూటీలో ఉన్నవాళ్లు “శత్రువు మా గుమ్మం ముందుకొచ్చాడు, ఇంతకంటే యుద్ధరంగం ఎక్కడ?” అని అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. కానీ ప్రమాదం ఎంత దగ్గరికొచ్చిందన్నది నిబంధన లెక్కలోకి తీసుకోదు. యుద్ధరంగం అని గీత గీసిన ప్రాంతంలో ఉన్నవారికి స్టార్ ఇచ్చారు, అంతకంటే విశాలమైన పరిధిలో సేవ చేసినవారికి సంగ్రామ్ మెడల్ పెట్టారు. అందుకే ఆవేశంగా ఉత్తరం రాసే ముందు, ఆ పతకం ఏర్పాటు చేసిన ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రతి సంపాదించి, ఏ గీత లోపల తాను ఉన్నారో చూసుకోవడం మొదటి పని. పెద్దాయన అడుగుతున్నది ఒక పతకమైతే ఆయనకు నిజంగా రావలసింది ఇంకొకటి కావచ్చు.

కాగితం ఎక్కడ తెగుతుంది

నావికుడి సర్వీసు రికార్డు ఆయన ఎక్కిన ఓడలో తయారవదు. ముంబైలోని మాన్‌ఖుర్ద్‌లో ఉన్న కమడోర్ బ్యూరో ఆఫ్ సైలర్స్ కార్యాలయంలో తయారవుతుంది. వాడుకలో దాన్ని క్యాబ్స్ అంటారు. బదిలీ, ప్రమోషన్, పెళ్లి, పిల్లలు, ఏది జరిగినా ఓడ నుంచో బేస్ నుంచో ఒక రిపోర్టు అక్కడికి వెళ్లాలి. నేవీలో దాన్ని జెన్‌ఫామ్ అంటారు, ఆర్మీలో పార్ట్ టూ ఆర్డర్, ఎయిర్‌ఫోర్స్‌లో పీఓఆర్. ఆ రిపోర్టు వెళ్లకపోతే జరిగినది రికార్డులో జరగనట్టే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 1968లో చేరి, పదిహేనేళ్లు చేసి, 1983లో పెన్షన్‌తో వచ్చిన నావికుడు. 1971లో ఆయన పోస్టింగ్ విశాఖలో ఒడ్డున ఉన్న నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ సర్కార్స్‌లో. నవంబరు చివర ఒక ఓడలో మనుషులు చాలక ఆయన్ని తాత్కాలికంగా ఎక్కించారు. ఓడ బంగాళాఖాతంలోకి వెళ్లింది, యుద్ధం అయింది, తిరిగొచ్చింది, ఆయన మళ్లీ సర్కార్స్‌కు వచ్చేశారు. ఆ హడావుడిలో తాత్కాలిక డ్యూటీ తాలూకు రిపోర్టు వెళ్లలేదు. పర్మనెంటు సిబ్బంది జాబితా నుంచి ఓడ వాళ్లు పతకాల రోల్, అంటే పతకం రావలసినవారి పట్టిక, రాసి పంపారు, అందులో ఈయన పేరు లేదు. సర్కార్స్ రోల్‌లో పేరు ఉంది, కానీ అక్కడ ఉన్నవారికి స్టార్ లేదు. ఇద్దరు గుమాస్తాలూ తమ ముందున్న కాగితాన్ని నమ్మకంగానే ఎక్కించారు. మధ్యలో ఒక మనిషి యుద్ధం మాయమైంది.

ఇది మొదటి రకం లోపం, అర్హతే రికార్డుకెక్కకపోవడం. రెండో రకంలో అర్హత ఎక్కుతుంది, పతకం మాత్రం రాదు. పతకాలు కోల్‌కతా ప్రభుత్వ టంకశాలలో తయారవుతాయి. కొరత కారణంగా రిబ్బన్ ఇచ్చి పతకం తర్వాత అనడం, యూనిఫారం మీదకు బజారులో నకలు కొనుక్కోవడం సైనికులందరికీ తెలిసిన సంగతే. ఆ “తర్వాత” అనేది కొందరికి రిటైరయ్యే వరకూ రాలేదు.

మూడో రకంలో పతకం బయల్దేరుతుంది, దారి తప్పుతుంది. మన ఉత్తరాంధ్రలో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. పార్వతీపురం దగ్గర పల్లెటూరి చిరునామా తీసుకోండి. 1971లో అది శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. మనిషేమో ఎప్పుడో విశాఖ వచ్చి మర్రిపాలెంలో స్థిరపడ్డాడు. రికార్డులో చేరిన నాటి ఊరి చిరునామా అలాగే ఉండిపోయింది. ఆ పార్సిల్ ఎవరి ఇంటికి చేరాలి?

మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి సాక్ష్యం కావాలి. రెండోదానికి సాక్ష్యం అక్కర్లేదు, నా రికార్డులో ఫలానా పతకం ఉంది, వస్తువు అందలేదు, పంపండి అని ఒక అర్జీ చాలు. మూడోదానికి ముందు చిరునామా మార్చి, పంపినది తిరిగొచ్చిందేమో చూడమనాలి. ఏ లోపం అన్నది తేలకుండా రాసే ఉత్తరం చీకట్లో వేసే బాణం. అది తేల్చుకోవడానికి ఆధారం సర్వీసు రికార్డు నకలు, మరోటి లేదు.

మన పేర్లు, వాళ్ల ఫారాలు

పేర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్ల కేసుల్లో సగం తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. అప్పలరాజు, సింహాచలం, నూకరాజు, పైడితల్లి, దేముడు. ఈ పేర్లను పదహారేళ్ల కుర్రాడు తెలుగులో పలికితే, తెలుగు రాని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. అప్పలరాజు రెండు ముక్కలై రాజు ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగిలింది, లేదా అసలే పోయింది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారం చివర అడుగుతుంది. స్కూలు సర్టిఫికెట్‌లో ఒక రూపం, డిశ్చార్జి కాగితంలో ఇంకోటి, ఆధార్‌లో మూడోది. పతకాల రోల్‌లో అక్షర క్రమంలో వెతికితే పి కింద ఉండాల్సినవాడు ఆర్ కింద ఉంటాడు, దొరకలేదని రాసేస్తారు.

ఇలాంటి చోట నావికుడికి గట్టి ఆధారం సర్వీసు నంబరు. చివర ఉండే ఇంగ్లిష్ అక్షరంతో సహా ప్రతి ఉత్తరంలో మొదటి లైనులో అదే రాయాలి. పేరు డిశ్చార్జి కాగితంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసి, పక్కన ఇప్పటి వాడుక పేరు చెప్పాలి. అక్షర దోషమైతే కాగితాల మీద సరిచేస్తారు. పూర్తి పేరు మార్పు అయితే అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ వరకూ వెళ్తుంది. పతకం కోసం అంత దూరం పోనవసరం లేదు.

పుట్టిన తేదీని మాత్రం కదిలించకండి. సర్వీసు చివర్లో పుట్టిన తేదీ మార్చమంటే ఒప్పుకోకూడదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది, ఇక రిటైరయ్యాక సరేసరి. తేడా ఉంటే ఆధార్‌ను సర్వీసు రికార్డుకు సరిపోయేలా మార్చుకోవడమే సుఖం. ఇప్పుడు పెన్షన్ అంతా రక్షణ శాఖ వారి స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నడుస్తోంది. అక్కడ వివరాలు పొంతన కుదరకపోతే పతకం మాట దేవుడెరుగు, పెన్షన్‌కే ఇబ్బంది వస్తుంది.

రికార్డు నకలు తెప్పించుకోవడం

సమాచార హక్కు చట్టం ఇక్కడ బాగా పనికొస్తుంది. తన సొంత సర్వీసు రికార్డు నకలు అడిగే హక్కు మాజీ నావికుడికి ఉంది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. దరఖాస్తు ఇంగ్లిష్‌లో, హిందీలో, లేదా దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాషలో రాయవచ్చని చట్టం 6వ సెక్షనే చెబుతోంది. అంటే విశాఖ నుంచి తెలుగులో రాయడానికి చట్టం అడ్డు కాదు. జవాబు త్వరగా రావాలంటే ఇంగ్లిష్ ప్రతి కూడా జతచేయడం మేలు అని నా అభిప్రాయం. పెద్దాయన స్వయంగా సంతకం పెట్టాలి. కొడుకు పేరు మీద అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపే వీలుంది.

అడిగేది స్పష్టంగా ఉండాలి. ఓడలు, బేసుల వారీగా పోస్టింగ్‌ల పేజీ, పతకాల ఎంట్రీలున్న పేజీ, ఫలానా పతకం రోల్‌లో తన నంబరు ఉందో లేదో, ఉంటే ఎప్పుడు ఎక్కడికి పంపారో. నాకు పతకం ఎందుకు ఇవ్వలేదు అని అడిగితే పని జరగదు. ఉన్న కాగితం ఇమ్మనడానికే ఆ చట్టం, కారణాలు రాబట్టడానికి అది దారి కాదు.

ఆర్మీలో చేసినవారికి రికార్డు ఆఫీసు రెజిమెంటును బట్టి మారుతుంది. ఆర్టిలరీకి నాసిక్ రోడ్, వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్లకు బెంగళూరు. ఎయిర్‌మెన్ రికార్డులు ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో. ఎక్కడికి రాయాలో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో డిశ్చార్జి బుక్కు చూపిస్తే చెబుతారు, అర్జీని వాళ్ల ద్వారా కూడా పంపవచ్చు.

ఆలస్యం చేయకూడదు. ఆర్మీ నిబంధనల్లో, పెన్షన్ లేకుండా వచ్చినవారి సర్వీసు పత్రాలు పాతికేళ్లు, పెన్షనర్లవి యాభై ఏళ్లు ఉంచి ఆ తర్వాత తీసేయవచ్చని ఉంది. 1976లో పెన్షన్‌తో వచ్చిన సిపాయికి ఆ యాభై ఏళ్లు 2026తో నిండుతాయి. నేవీవాళ్లూ తమ కాగితం శాశ్వతంగా ఉంటుందన్న ధీమాతో కూర్చోకూడదు.

రికార్డులో లేకపోతే సాక్ష్యం ఏది

మొదటి రకం లోపం అని తేలితే ఇంట్లో ఇనప్పెట్టె దించాలి. ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఇన్‌లాండ్ లెటర్ల మీద ఓడ పేరు, ఫ్లీట్ మెయిల్ ఆఫీసు ముద్ర, తేదీ ఉంటాయి. ఒక్క ఉత్తరం దొరికినా పెద్ద ఆధారం. గ్రూపు ఫొటోల వెనక రాసుకున్న తేదీలు, నావికుడి టోపీ పట్టీ మీద కనబడే ఓడ పేరు, పే బుక్కు, లీవు పాసులు, ఆసుపత్రి చీటీలు, అన్నీ తీయండి. అదే ఓడలో పనిచేసి, అదే పతకం పొందినవారు బతికుంటే వాళ్ల అఫిడవిట్ తీసుకోండి. అందులో ఈయన మంచివాడు, ధైర్యవంతుడు లాంటి మాటలు అక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మేమిద్దరం ఫలానా ఓడలో, ఫలానా డిపార్టుమెంటులో ఉన్నాం, నా సర్వీసు నంబరు ఇది, నా పతకం ఎంట్రీ నకలు ఇది. ఇంతే చాలు.

ఓడ లాగ్ బుక్కులు కూడా ఉంటాయి. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బహిరంగం చేసి నేషనల్ ఆర్కైవ్స్‌కు తరలించాలని రక్షణ శాఖ 2021లో విధానం ప్రకటించింది. లాగ్‌లో ప్రతి నావికుడి పేరూ ఉండదు, కానీ ఓడ ఆ రోజు ఎక్కడుందో ఉంటుంది. మనిషి ఓడలో ఉన్నాడని అఫిడవిట్, ఓడ ఆ ప్రాంతంలో ఉందని లాగ్. రెండూ కలిస్తేనే నిబంధన నిండుతుంది.

ఏ ఓడ, ఏ నెల, పక్క పడక ఎవరిది, ఇంజన్ రూములో చీఫ్ ఎవరు అన్న వివరాలు పెద్దాయన ఒక్కరికే తెలుసు. 1971లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు డెబ్భై దాటి చాలా ఏళ్లు. ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. అర్జీ తర్వాత పెట్టినా ఫరవాలేదు. ఆయన జ్ఞాపకం చెదిరితే ఇంట్లో ఎన్ని కాగితాలున్నా వాటిని కలిపి చెప్పేవాళ్లుండరు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. సర్వీసు నంబరు, హోదా, పేరు, చేరిన తేదీ, దిగిన తేదీ. రికార్డులో ఏ ఎంట్రీ లేదు, అక్కడ ఏముండాలి, దానికి జతచేసిన ఆధారాలేమిటి. ఆ తర్వాత రెండు కోరికలు, ఈ క్రమంలోనే: మొదట ఎంట్రీ సరిచేయండి, దాని ఆధారంగా పతకం మంజూరు చేయండి. స్పీడ్ పోస్టు రసీదు జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లోనూ పెట్టవచ్చు, అయితే అది అర్జీ కదలికను గుర్తుచేయడానికి పనికొస్తుంది, సాక్ష్యం చూసి తేల్చేది మాత్రం రికార్డు ఆఫీసే.

కాదంటే ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచి చూస్తుంది. ముందు శాఖలో అర్జీ పెట్టి ఉండాలి. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలి, జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి ఆ తర్వాతి ఆరు నెలల్లో వెళ్లాలి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అయితే కాలం చెల్లిన వ్యవహారంలో కొత్తగా అర్జీ పెట్టి, దానికొచ్చిన జవాబు చూపించి గడువు మళ్లీ మొదలైందనడం చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. పెన్షన్ బకాయి అయితే నెలనెలా కొత్త నష్టం కింద లెక్క కాబట్టి కోర్టులు సాధారణంగా మూడేళ్ల బకాయి వరకైనా ఇప్పిస్తాయి. పతకానికి ఆ వాదన నిలబెట్టడం కష్టం. అందుకే కోర్టు కంటే సాక్ష్యంతో రికార్డు ఆఫీసును ఒప్పించడం మీదే శ్రమ పెట్టమంటాను.

అమెరికాలో 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడి కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు కాలిపోయాయి. అయినా అక్కడి మాజీ సైనికుడికి ఒక తలుపు ఉంది. రికార్డుల్లో తప్పు గానీ అన్యాయం గానీ ఉంటే సరిచేయడానికి సైనిక శాఖలకు పౌరులతో కూడిన బోర్డులు చట్టం ప్రకారం ఉన్నాయి. మూడేళ్ల గడువు ఉన్నా న్యాయం కోసం దాన్ని పక్కన పెట్టే అధికారం వాటికుంది. మనకు అలాంటి ప్రత్యేక బోర్డు లేదు. తప్పు రాసిన వ్యవస్థే ఆ తప్పును పరిశీలిస్తుంది, లేదంటే ముసలివయసులో చెన్నై వెళ్లి దావా వేయాలి. ఈ రెంటికీ మధ్య, సాక్ష్యం చూసి ఎంట్రీ దిద్దే చిన్న బోర్డు ఒకటి మనకూ కావాలి. మాజీ సైనికుల సంఘాలు దీన్ని గట్టిగా అడగవలసిన అవసరం ఉంది.

పెద్దాయన ఇప్పటికే కాలం చేసి ఉంటే భార్య, ఆ తర్వాత పిల్లలు వారసులుగా అడగవచ్చు. డిశ్చార్జి కాగితం, మరణ ధ్రువీకరణ, ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నకలు జతచేయాలి. భార్య పేరు రికార్డులో వేరే రకంగా ఉంటే ముందు అది సరిచేయించండి, అది పెన్షన్‌కూ ముఖ్యమే. ఇంట్లో పోయిన పతకానికి డూప్లికేట్ అడగడం వేరే వ్యవహారం, ఈ అర్జీలో కలపొద్దు.

పతకం చేతికొచ్చాక అంచు చూడండి. నంబరు, హోదా, పేరు అక్కడ చెక్కి ఉంటాయి. తప్పుంటే అప్పుడే తిప్పి పంపాలి. సరిగా ఉంటే పని ఇంకొకటి మిగిలింది. సర్వీసు సర్టిఫికెట్‌లోనో డిశ్చార్జి బుక్కులోనో ఆ పతకం ఎంట్రీ వేయించి, రికార్డు ఆఫీసు ముద్ర, సంతకం తీసుకోవాలి. తాత్కాలికంగా ఎక్కిన ఆ ఓడ పేరు, తేదీలు పోస్టింగ్‌ల పేజీలో పడ్డాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. రేపు వైకల్య పెన్షన్ లాంటి విషయంలో ఆ కాలపు డ్యూటీ రుజువు చేయాల్సి వస్తే చూపించాల్సింది ఆ పేజీనే.